కొండెక్కించేదా, టీచరమ్మా?

ఆమె పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను హిందూపురంలో మా వంటింట్లో ఫ్రిజ్జు తలుపు తెరిచి, ఏం తీయడానికి వచ్చానో మరిచిపోయి నిలబడి ఉన్నాను. ఫోనులో మాట్లాడుతున్నది ఆమె కోడలు. "అక్కా, మా అత్త తెల్లారుజామున పోయింది" అని ఆ పిల్ల అనగానే నా చెయ్యి దానంతటదే ఫ్రిజ్జు తలుపు మూసేసింది. మేము అద్దెకున్న ఆమె ఇల్లు ఖాళీ చేసి వచ్చి ఆరేళ్ళయింది. అయినా పోతూ పోతూ కూడా నా చేత తలుపు మూయించి పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

పోయినవాళ్ళను చెడ్డగా అనకూడదంటారు. బతికుండగా ముఖం మీద అనలేకపోయినవాళ్ళకు ఆ నియమం సరిపోతుంది. నేను ఆమె బతికుండగానే ముఖం మీద అన్నాను కాబట్టి ఇప్పుడు అనడంలో కొత్త తప్పేమీ లేదు.

నాయన ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. వెళ్ళి చెప్పాను. ఆయన కాసేపు తన కుడిపాదం వైపు చూసుకున్నాడు. ఆ పాదానికి మూడు వేళ్ళే ఉన్నాయి. చిటికెన వేలూ దాని పక్క వేలూ ధర్మవరంలో, ఆమె ఇంట్లో మేము అద్దెకున్న ఏడాదే పోయాయి.

"పోయి రా పాపా. పోకుంటే బాగుండదు" అన్నాడు.

వేళ్ళు పోయింది ఆయనకు. కోపం మిగిలింది నాకు. ఆయనది ఆయన ఎప్పుడో మరిచిపోయాడు, నాది నేను ఉప్పులో వేసిన మామిడికాయలా భద్రంగా దాచుకున్నాను.

పెనుకొండ బడికి పోస్టింగు వచ్చిన ఏడాది మేము ఆమె ఇంట్లో చేరాము. పెనుకొండలోనే ఉండకుండా ధర్మవరంలో ఇల్లు వెతుక్కున్నది నాయన కోసం. ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయినవాడు. జంక్షన్‌లో ఒక బెంచీ, ఆ బెంచీ మీద తనలాంటి ఇద్దరు ముగ్గురు పాతవాళ్ళు, ముందు నుంచి పోయే బండ్లు లేకపోతే ఆయనకు పొద్దు పోదు. అమ్మ పోయాక ఆయనకు మిగిలింది ఆ బెంచీయే. పొద్దున ఏడుకల్లా అన్నం డబ్బా పట్టుకుని నిదానంగా నడుచుకుంటూ స్టేషనుకు పోయేవాడు. ఏడున్నరకు నేను నా డబ్బాతో బయలుదేరి, బండెక్కి పెనుకొండకు పోయేదాన్ని. ఇద్దరమూ సాయంత్రం అయిదు ప్రాంతంలో ఇల్లు చేరేవాళ్ళం.

అది మగ్గం ఉన్న ఇల్లు. వీధిగదిలో గుంత మగ్గం, దాని మీద ఆమె కొడుకు. వెనక రెండు గదులు మావి. మా వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయటికి రావాలి, ఇక ఫ్రిజ్జుకు చోటెక్కడిది? దాన్ని వాళ్ళ వంటింటికీ మా వంటింటికీ మధ్యనున్న నడవలో పెట్టుకున్నాము. నడవ ఆమెది, గోడ ఆమెది, గోడకున్న ప్లగ్గు పాయింటూ ఆమెదే. ఆ పాయింటు కిందనే ఆమె రాట్నం వేసుకుని, కొడుకు మగ్గానికి కావలసిన పట్టు కండెలు పొద్దుగూకేదాకా చుట్టేది. మీటరు రెండు కాపురాలకూ ఒకటే. బిల్లులో మా భాగం మేమిచ్చేవాళ్ళం.

సన్నటి మనిషి. ఎప్పుడూ తల ఎత్తి మాట్లాడేది కాదు, చూపు పట్టుపోగు మీదనే ఉండేది. మాట మాత్రం సూటిగా వచ్చి మనకు తగిలేది. ఏదైనా చూపించాలంటే చేతులు ఖాళీ ఉండవు కాబట్టి గడ్డంతో చూపించేది. గడ్డం రోలు వైపు తిరిగిందంటే మిక్సీ వద్దని. గడ్డం పైకి లేచిందంటే నేను లైటు వేసి మరిచానని. తొమ్మిది నెలలు నేను ఆ గడ్డం చూసి బతికాను.

పోగు తెగితే ఆ చప్పుడు వినిపించేదట ఆమెకు. ఉండొచ్చు. మా రైసు కుక్కరు మీట టక్కుమని లేచిన చప్పుడు, పక్కనే కూరగాయలు తరుగుతున్న నాకు వినబడేది కాదు. నడవలో ఉన్న ఆమెకు వినబడేది. "టీచరమ్మా, అన్నమయ్యింది. ప్లగ్గు పెరుకు" అనేది. పెరికేదాకా అంటూనే ఉండేది. బియ్యం నానబెట్టకుండా వేస్తే అదీ తెలిసిపోయేది. నానిన బియ్యమైతే ఆమె రెండు కండెలు చుట్టేలోపల మీట లేవాలి. మూడో కండె మొదలుపెట్టాల్సి వస్తే, "ఆ, ఈ పొద్దు నానబెట్టలేదు" అని గోడకు చెప్పినట్టు చెప్పేది.

మిక్సీ వేస్తే రాట్నం ఆపేసేది. మిక్సీ తిరుగుతున్నంతసేపూ, వీధిలో శవం పోతుంటే పనులాపి నిలబడేవాళ్ళలా కూర్చునేది. నేను ఆపాకే మళ్ళీ తిప్పేది. చెనిక్కాయల చట్నీకి కాయలు ముందు రోట్లో నాలుగు పోట్లు పొడిచి, ఆ తరువాత మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే చాలని ఆమె సిద్ధాంతం. అది నిజమే. కానీ ఏడున్నరకు ఇల్లు కదలాల్సిన మనిషికి రోకలి చేతికిచ్చే నిజం అది.

చేరిన వారంలోనే మొదటి గొడవ. రాత్రికని వండిన పప్పు వేడిగా ఉండగానే గిన్నెతో సహా ఫ్రిజ్జులో పెట్టి, బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆ గిన్నె నడవలో, పళ్ళెంలో పోసిన నీళ్ళ మధ్య కూర్చుని ఉంది. చీర కొంగుతో పట్టుకుని బయటికి తీసిందట. వేడిది పెడితే దాన్ని చల్లార్చలేక ఫ్రిజ్జు ఉసూరుమంటుందని, నీళ్ళలో చల్లారినాక పెట్టుకొమ్మని చెప్పింది. నా ఫ్రిజ్జు తలుపు నువ్వెట్లా తీస్తావని అడిగాను.

"ఫ్రిజ్జు నీదే. కరెంటు అందరిదీ" అంది.

తలుపు తెరిచి నేను అర నిమిషం నిలబడితే చాలు. "పెండ్లికూతుర్ని చూస్తాండావా? మూయి" అనేది. నాకు అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. అరవై మంది పిల్లలను ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని. ఆమె మూయి అంటే మూసేదాన్ని.

చెప్పింది తప్పని నేను అనను. ఇప్పుడు హిందూపురంలో ఏడో తరగతికి కరెంటు పొదుపు గురించి చెప్పేటప్పుడు నేను బోర్డు మీద రాసేవి ఇవే. వేడి పదార్థాలు ఫ్రిజ్జులో పెట్టరాదు, తలుపు ఊరికే తెరవరాదు, బియ్యం నానబెట్టి వండవలెను. ఒక్కో వాక్యం రాస్తుంటే వెనకనుంచి ఎవరో గడ్డం ఊపుతున్నట్టే ఉంటుంది. అయితే మంచిమాట చెప్పినవాళ్ళు మంచివాళ్ళే అయ్యుండాలని ఎక్కడా రాసిలేదు.

ఆమె ఎవరినీ అడిగి చేసే మనిషి కాదు. మా గదిలో అయినా సరే, లైటు అనవసరంగా వెలుగుతుంటే వచ్చి టక్కున నొక్కి పోయేది, ఒక్క మాట ఉండేది కాదు. కానీ ఒక్క విషయం మాత్రం ప్రతిరోజూ అడిగేది. నేను సంచి భుజాన వేసుకుని నడవలో చెప్పులు తొడుక్కుంటుంటే, రాట్నం ఆపి, తల ఎత్తకుండా అడిగేది.

"ఫ్రిజ్జు కొండెక్కించేదా, టీచరమ్మా?"

నాకు పేపరు చదివే అలవాటు. పేపర్లో ఎర్రగడ్డలు కొండెక్కుతాయి, కందిపప్పు కొండెక్కుతుంది, పెట్రోలు కొండెక్కుతుంది. బిల్లును కొండెక్కించేది ఇదేనా అని మా ఫ్రిజ్జును పొద్దున్నే ఎత్తిపొడుస్తోందనుకున్నాను. ఎక్కితే నా భాగం నేను కట్టుకుంటాను, నీ సొమ్మేం పోయింది అని నోటిదాకా వచ్చేది. బండికి వేళవుతుంటే అంత మాట అనే తీరిక ఎక్కడ?

"ఎక్కనీలే పెద్దమ్మా" అనేసి వెళ్ళిపోయేదాన్ని.

"నువ్వు పెనుకొండకు, అది ఉత్త కొండకు" అని తన మాటకు తానే నవ్వుకుని రాట్నం తిప్పేది. అందులో నవ్వేదేముందో నాకు తెలిసేది కాదు. సోమవారం నుంచి శనివారం దాకా అదే ప్రశ్న, అదే జవాబు, అదే నవ్వు. ఆదివారం మాత్రం అడిగేది కాదు. ఆదివారం బిల్లు కొండెక్కదా అని నాకు ఒక్కసారైనా అనుమానం రావలసింది. రాలేదు. పిల్లలకు ప్రశ్నలు వేయమని నేర్పే ఉద్యోగం నాది.

దసరా సెలవులయ్యాక నాయనకు షుగరు మాత్రలు పనిచేయడం మానేశాయి. పొద్దునా రాత్రీ ఇన్సులిన్ సూది వేసుకోవాలన్నాడు డాక్టరు. సీసాలు ఫ్రిజ్జులోనే పెట్టాలని, మా వైపు ఎండలకు బయట ఉంటే మందు బలం పోతుందని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నాయనకు సూది సంగతి బయటికి పొక్కడం నామోషీ. బెంచీ మీద స్నేహితులు బోండాలు తింటూ తన వైపు జాలిగా చూస్తారని భయం. ఈ ఇంటామెకు తెలిస్తే ధర్మవరమంతా తెలిసినట్టేనని, ఎట్టి పరిస్థితిలోనూ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. అందుకని సీసాలను ఒక స్టీలు డబ్బాలో పెట్టాను. దాని మీద కాగితం అంటించి 'చింతపండు' అని రాసి, పెరుగు గిన్నె వెనక దాచాను.

ఫ్రిజ్జు సరిగా లేదని తెలుస్తూనే ఉండేది. సాయంత్రం వచ్చి చూస్తే నీళ్ళు చల్లగా ఉండేవి కావు. పాలు రెండు రోజులకొకసారి విరిగేవి. మంచుగడ్డల గిన్నెలో గడ్డలన్నీ కరిగి, కలిసిపోయి, మళ్ళీ ఒకే పలకలా గట్టిపడి ఉండేవి. కింద నేల మీద తడి. రిపేరు అబ్బాయిని పిలిపిస్తే ఆదివారం వచ్చి చూసి, గ్యాసు బాగుందక్కా, ఓల్టేజీ తక్కువేమో అని పోయాడు. ఫ్రిజ్జు ముసలిదైందని మేము సర్దుకున్నాము.

షుగరు దిగలేదు. డాక్టరు మోతాదు పెంచాడు, దిగలేదు. మళ్ళీ పెంచాడు. చలికాలం చివర కొత్తచెప్పు నాయన కుడికాలి చిటికెన వేలి దగ్గర కరిచింది. గోరంత పుండు. నాలుగు రోజులు చూద్దామన్నాడు, పది రోజులు చూశాము. నెల తిరిగేసరికి వేలు నల్లబడింది. కాలికి కట్టుతోనే ఆటోలో స్టేషనుకు పోయేవాడు, ఇంట్లో పడుకుంటే జబ్బు మనిషినని తెలిసిపోతుందని. పుండు మానకపోతే పాదం దాకా తీయాల్సి రావచ్చని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మందు ఎక్కడ పెడుతున్నారని కూడా అడిగాడు. ఫ్రిజ్జులోనే సార్ అని గట్టిగా చెప్పాను. ఆ నెలంతా నాకు వేరే ఆలోచన లేదు. ఆ పాదం మిగిలితే నాయన బెంచీ దాకా నడుస్తాడు. మిగలకపోతే మంచం మీదే.

మార్చి నెల మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మొదటి రోజు ఒంటిగంటన్నరకు ఇంటికి వచ్చాను. చెప్పులు విడుస్తుంటే నడవ ఏదో వింతగా అనిపించింది. రాట్నం చప్పుడు వినిపిస్తోంది, వీధిగదిలో మగ్గం చప్పుడు వినిపిస్తోంది. ఫ్రిజ్జు చప్పుడు లేదు. తలుపు తీశాను. లోపల లైటు వెలగలేదు. పెరుగు పులిసిన వాసన వచ్చింది. చింతపండు డబ్బా తీసి పట్టుకుంటే నా అరచెయ్యంత వెచ్చగా ఉంది. గోడ మీద చూశాను. స్విచ్చు ఆపేసి ఉంది.

"ఎవరు ఆపారు దీన్ని?" అన్నాను.

"ఎవురేంది? నేనే కొండెక్కించినా. నిన్ను అడిగినా కదా పొద్దున" అంది, పోగు మీద నుంచి చూపు తిప్పకుండా.

అప్పుడు తెలిసింది నాకు. చెప్పులు తొడుక్కుంటూ తొమ్మిది నెలల పాటు నేను దేనికి సరే అన్నానో. దీపం ఆరిందనకుండా కొండెక్కిందనడం నాకు తెలియంది కాదు, మా అవ్వ కూడా అనేది. కానీ అది దేవుడి ముందు దీపం. ఫ్రిజ్జుకు వత్తి ఉందా, నూనె ఉందా? మగ్గం ఉన్న ఇంట్లో ఆర్పడమనే మాటే నోట రాకూడదని వాళ్ళ పట్టింపు. పొయ్యికైనా, బల్బుకైనా, ఇస్త్రీపెట్టెకైనా ఒకటే మాట. పోగు తెగినా తెగిందనరు, అతకాలంటారు. ఇదంతా తరువాత కోడలు చెప్పింది. ఆ నిమిషంలో నాకు కనిపించింది వెచ్చటి డబ్బా ఒక్కటే.

ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావని అడిగాను. మేము చేరినప్పటి నుంచేనట.

"మీ ఇంట్లో మనిషే లేనప్పుడు అది ఎవురి కోసం గుర్రుమంటా ఉండాల? మగ్గం మీద మనిషి దిగితే మగ్గం నిలబడతాది. నువ్వు వచ్చే యాళకు మళ్ళా ఎలిగిస్తానే ఉండా. దినామూ అడిగితి, దినామూ ఎక్కనీ అంటివి. ఒక్క దినమన్నా వద్దంటివా?"

నేను డబ్బా మూత తీసి సీసాలు ఆమె ముఖం దగ్గర పెట్టాను. ఇది మా నాయన ప్రాణమని చెప్పాను. ఇందుకే ఆయన కాలు కుళ్ళిపోతోందని చెప్పాను. అప్పుడు తల ఎత్తింది. సీసాల వైపు చూసింది, డబ్బా మీది కాగితం వైపు చూసింది. చదువు వచ్చిన మనిషే.

"చింతపండని రాసిపెట్టుకుంటివే. ప్రాణమని రాసింటే ముట్టుకుందునా?"

ఒక్క అయ్యో అనలేదు. ఆ 'అయ్యో' కోసం నేను ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. అది వచ్చుంటే నేను తరువాతి మాట అనకపోదునేమో. రాలేదు. నాకు తెలిసిన మాటల్లో ఆమెకు ఎక్కడ తగులుతుందో చూసి మరీ అన్నాను.

"నీ ఇంట్లో దీపం ఆరిపోను."

వీధిగదిలో మగ్గం ఆగింది. కొడుకు గుంతలోంచి లేచిన చప్పుడు వినిపించింది కానీ ఇటు రాలేదు. ఆమె చేతిలో కండె కింద పెట్టి, లేచి వెళ్ళి ఫ్రిజ్జు స్విచ్చు వేసి, మళ్ళీ వచ్చి కూర్చుంది. రాట్నం మాత్రం తిప్పలేదు. ఆ తరువాత ఆమె నన్ను ఏదీ అడగలేదు.

కొత్త సీసాలు తెచ్చాము. ఆలస్యమైపోయింది. వారం తరువాత రెండు వేళ్ళు తీశారు, పాదం నిలిచింది. మందు చెడిపోవడం వల్లనేనా అని డాక్టరును పట్టుకుని అడిగాను. షుగరులో ఒక్క కారణమని చెప్పలేమన్నాడు. చెప్పు కరిచింది, చూపించడం ఆలస్యం చేశారు, మందు బలం కూడా తగ్గి ఉండొచ్చు అన్నాడు. మూడింటిలో నేను మూడోదాన్ని పట్టుకున్నాను. మొదటి రెండింటికీ తిట్టుకోవాలంటే మా ఇంటివాళ్ళే దొరుకుతారు మరి.

ఆపరేషనయిన మూడో రోజు ఆమె ఆసుపత్రికి వచ్చింది. ఆటోలోంచి రెండు చేతులా ఒక కుండను పొదివి పట్టుకుని దిగింది. పెద్ద కుండలో తడి ఇసుక, ఇసుక మధ్యలో చిన్న కుండ, దాని మీద మూకుడు, మూకుడు మీద తడిగుడ్డ. నాయన మంచం పక్కన నేల మీద పెట్టింది. కాలు ఎట్లుందని అడగలేదు. కట్టు వైపు చూడనుకూడా లేదు. నాకు చెప్పింది.

"మందు దీంట్లో పెట్టుకో. పొద్దునా మాపునా ఇసుక తడుపుతా ఉండు, సల్లగా ఉంటాది. దీనికి కరెంటు అక్కరలేదు. దీన్ని ఎవురూ కొండెక్కించలేరు."

అంత చేసీ ఇంకా కరెంటు గురించే మాట్లాడుతోందని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిస్తే ఏమంటానో నాకే భయమేసి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. ఆమె కాసేపుండి పోయింది. మందులివ్వడానికి వచ్చిన నర్సు ఆ కుండలో వేళ్ళు పెట్టి చూసి, బాగా చేసినారే, మా ఊర్లో ఫ్రిజ్జు లేనోళ్ళు ఇట్లనే పెట్టుకుంటారు అంది. ఇంటికి వచ్చే రోజు ఆ కుండను ఆసుపత్రి వరండాలో ఒక మూలకు జరిపి, వదిలేసి వచ్చాను. కుండ ఏదని నాయన అడిగితే పగిలిపోయిందన్నాను. ఆ నెలలోనే ఇల్లు మారాము. తరువాత బదిలీల్లో హిందూపురం కోరుకున్నాను.

ఆమె లేదన్నది కళ్ళతో చూస్తే గానీ నమ్మబుద్ధి కాక బయలుదేరాను. దుఃఖం పంచుకోవడానికి కాదు. బండి పెనుకొండలో ఆగినప్పుడు కిటికీలోంచి బయటికి చూడలేదు. ధర్మవరంలో దిగి ఆటో ఎక్కేసరికి పదకొండయింది. మే నెల ఎండ.

వీధిలో షామియానా వేసి ఉంది. మనుషులను తప్పించుకుని లోపలికి పోతే, వీధిగదిలో మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది. మగ్గం గుంత ఉన్న గదిలో పెట్టడానికి వీల్లేక ఆమెను నడవలో పెట్టారు. అద్దెకు తెచ్చిన ఐసు పెట్టె. గాజు మూత, లోపల ఆమె, తల దగ్గర నేల మీద దీపం. పెట్టె తీగ ఎక్కడికి పోయిందో చూశాను. గోడ మీద అదే పాయింటు. ఒకప్పుడు మా ఫ్రిజ్జు నిలబడిన చోటే ఆమె పడుకుని ఉంది. మనిషి లేనప్పుడు ఎవరి కోసం గుర్రుమంటా ఉండాలని అడిగిన మనిషి కోసం ఆ పెట్టె తెల్లవారినప్పటి నుంచి గుర్రుమంటూనే ఉంది. కాంచీపురం నుంచి కూతురు వచ్చేదాకా ఆపడానికి లేదు.

నాకు నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. చూసినవాళ్ళు ఏడుస్తున్నాననుకుని చోటిచ్చారు. స్విచ్చు పక్కనే గోడకానుకుని కూర్చున్నాను.

కోడలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నాయన ఎట్లున్నాడని అడిగింది. నడుస్తున్నాడని చెప్పాను. తరువాత ఆ పిల్ల గొంతు తగ్గించి, ఎవరూ అడగకుండానే ఒక సంగతి చెప్పింది. నాలుగేళ్ళ కింద వాళ్ళూ ఒక ఫ్రిజ్జు కొన్నారట. అత్త ఏనాడూ దాని స్విచ్చు ముట్టలేదట. తుడవడానికి ఆపాల్సి వచ్చినా, దాంట్లో ఏముండాదో చూసి నువ్వే ఆపు అని కోడల్నే పిలిచేదట. ఈ మాట ఆ పిల్ల నాకు చెప్పకుండా ఉండాల్సింది. ఆరేళ్ళుగా కదలకుండా నిలబెట్టుకున్న నా కోపానికి ఒక కాలు కింద మట్టి జారినట్టయింది. అది నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు.

మూడు గంటలకు కూతురు వచ్చింది. గాజు మీద పడి ఏడ్చింది. అది అయ్యాక పెద్దవాళ్ళు కదిలారు. నలుగురు మగవాళ్ళు నడవలోకి వచ్చి పెట్టె చుట్టూ నిలబడ్డారు. మూత తీయాలి, కరెంటు ఆపండి అన్నారెవరో. అందరూ గోడ వైపు చూశారు. అందరికంటే దగ్గరున్నది నేనే.

లేచి స్విచ్చు మీద వేలు పెట్టాను. ఆర్పనా అని అడగబోయాను. ఆ ఇంట్లో ఆ మాట నేను ఒకసారి అన్నాను, ఈ నడవలోనే. రెండోసారి నాలుక తిరగలేదు.

"కొండెక్కించేదా?" అన్నాను కోడలి వైపు చూసి.

"ఎక్కనీ అక్కా" అంది.

నేను నొక్కలేదు. నా వేలు అక్కడే ఉంది. మగవాళ్ళు చూస్తున్నారు.

"ఎక్కనీ అంటే, ఆపేయమనే కదా నువ్వు చెప్పేది?" అని మళ్ళీ అడిగాను.

ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది.

"ఇంకేముంటాదక్కా దానికి అర్థం?" అంది.